నూనె, నీళ్లు కలిసినా తేటగానే

పోయిన సంక్రాంతికి మా మనవరాలు బెంగళూరు నుంచి వస్తూ రెండు చిన్న సీసాలు తెచ్చింది. ఒకటి టానిక్కు సీసా మాదిరి గోధుమరంగుది. రెండోది మామూలు గాజుది, లోపల బోరు నీళ్ల మాదిరి తేటగా ఉంది.

"తాతా, దీంట్లో ఏముందో చెప్పు చూద్దాం" అంది.

మూత తీసి వాసన చూసినాను. వేళ్ల మధ్య రుద్ది చూద్దామని వంచబోతే చెయ్యి పట్టుకుంది. "వాసన చాలు, చేతికి వద్దు."

"సబ్బు నీళ్లు" అన్నాను.

"దాంట్లో నూనె ఉంది తాతా. నీళ్లూ ఉన్నాయి. రెండూ కలిసే ఉన్నాయి."

నాకు రోషం వచ్చింది. ఎందుకంటే నూనె, నీళ్లు కలపడమే నేను బతుకంతా చేసిన పని. "నూనె కలిస్తే పాల మాదిరి తెల్లగా అవుతుంది పాపా. ఇట్ల తేటగా ఉండదు. నాకు చెప్పొస్తావా?" అన్నాను. అది నవ్వింది. దాని ఎం.ఫార్మసీ చదువులో ఆఖరి ఏడాది ప్రాజెక్టు ఆ సీసాలే. ఆ నాలుగు రోజుల్లో అది చెప్పింది, నేను అడిగింది, మా ఇంటామె మధ్యలో దూరి అడ్డం తిప్పింది, అంతా మన పత్రికలో రాయాలనిపించింది. తప్పులుంటే నావి. నేను చదివింది అయిదో తరగతి.

మా నాయన ఛాంపియన్ రీఫ్ గనిలో భూమి లోపల పని చేసినాడు. నేను గనిలోకి పోలేదు. మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోయి మిల్లులో చేరినాను. మొదట గంజి ఖాతా, తర్వాత ప్రింటింగు ఖాతాలో కలర్ కిచెన్. పేరు కిచెన్ గానీ అక్కడ ఉడికేది రంగులు. గుడ్డ మీద అచ్చు వేసే పేస్టు అక్కడే తయారయ్యేది.

ఆ కాలంలో పిగ్మెంటు ప్రింటుకు పేస్టు ఎట్ల చేసేవాళ్లమో ఇప్పటి పిల్లలకు తెలియదు. డ్రమ్ములో కొంచెం నీళ్లు, దాంట్లో ఎమల్సిఫయర్ అనే మందు, పైన గిరగిరా తిరిగే స్టిర్రరు. అది తిరుగుతా ఉండగా కిరసనాయిలు సన్నటి ధారగా పోయాల. నూటికి డెబ్బై, ఎనబై పాళ్లు కిరసనాయిలే. చూస్తా ఉంటే నీళ్లది కాస్తా గడ్డ పెరుగు మాదిరి తెల్లగా, చిక్కగా తయారవుతుంది. తొందరపడి ఒక్కసారి పోస్తే పాలు విరిగినట్ల విరిగిపోతుంది. డ్రమ్ము పోతుంది, మేస్త్రి నోట తిట్లు పడతాయి. ఆ ధార పట్టడం నాకు బాగా చేతనైంది. చేతనైన పని కాబట్టి అందులోనే చాన్నాళ్లు ఉంచినారు. గ్లౌజులు అడిగినాము, రాలేదు. నా చేతుల సంగతి తర్వాత చెప్తాను.

అందుకే "తేటగా ఎట్ల ఉంటుంది?" అని నిలదీసినాను.

మనవరాలు చెప్పింది ఇదీ. నేను చేసిన పేస్టులో నూనె చుక్కలు పెద్దవి. పెద్దవంటే కంటికి కనపడేంత కాదు, కానీ వెలుతురు కిరణం వాటికి తగిలి చెదిరిపోయేంత పెద్దవి. వెలుతురు చెదిరితే కంటికి తెల్లగా కనిపిస్తుంది. పాలు తెల్లగా ఉండేదీ అందుకే. దాని సీసాలో చుక్కలు అంతకంటే ఎంతో చిన్నవి, 10 నుంచి 100 నానోమీటర్ల లోపల. మన తలవెంట్రుక మందాన్ని వెయ్యి ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంతో, ఇంచుమించు అంత. వాటిని వెలుతురు పట్టించుకోకుండా దాటిపోతుంది. అందుకే తేట. దీని పేరు మైక్రోఎమల్షన్.

1943లో ఇంగ్లండులో హోర్, షుల్మన్ అనే ఇద్దరు ఇట్లాంటి తేట కలయిక గురించి మొదట రాసినారంట. మైక్రోఎమల్షన్ అనే పేరు 1959లో షుల్మన్ వాళ్లు పెట్టినారు. నాకు ఇంకా వింత అనిపించింది ఒకటుంది. దీనికి స్టిర్రరు జోరు అక్కర్లేదు. పాళ్లు సరిగ్గా కుదిరితే సీసా చేత్తో కాస్త ఊపితే చాలు, అదే కుదురుకుంటుంది. నా డ్రమ్ము గంట తిప్పినా నాలుగు రోజులు పెడితే నూనె పైకి తేలేది. దీంట్లో తేలదు. "నువ్వు బలంతో కలిపినావు తాతా, ఇది ఇష్టపడి కలుస్తుంది" అంది. పెళ్లిళ్ల గురించి చెప్తున్నట్టుంది అని మా ఇంటామె వంటింట్లో నుంచి అరిచింది.

ఆ ఇష్టం పుట్టించేదానికి రెండు సరుకులు కావాల. ఒకటి సర్ఫాక్టెంటు, అంటే సబ్బు జాతిది. దానికి ఒక కొస నూనెను పట్టుకుంటుంది, ఇంకో కొస నీళ్లను పట్టుకుంటుంది. రెండోది దానికి తోడుగా పోయేది, స్పిరిటు, ప్రొపిలీన్ గ్లైకాలు వంటివి. మొదటిది గట్టిగా పేర్చుకుంటే రెండోది మధ్యలో దూరి వంగేటట్లు చేస్తుంది. వంగితేనే అంత చిన్న చుక్క చుట్టూ చుట్టుకోగలుగుతుంది.

"మీది ఏ సర్ఫాక్టెంటు?" అంటే "ఆముదంతో చేసింది" అంది. నేను కుర్చీలో నుంచి లేచినాను. మిల్లులో టి.ఆర్. ఆయిల్ పట్టని వాళ్లు ఎవరున్నారు? టర్కీ రెడ్ ఆయిల్. నాఫ్తాల్ రంగును మొదట దాంట్లోనే కదా పేస్టు చేసేది. అది ఆముదాన్ని గంధకామ్లంతో కలిపి, కడిగి, క్షారంతో సరిచేసిన సరుకు. 1870ల నాటిది. మామూలు సబ్బు తర్వాత మనుషులు చేసిన మొదటి సబ్బు జాతి సరుకు అదే. మనవరాలు వాడేది అదే ఆముదానికి వేరే రసాయనం తగిలించింది, పాలీఆక్సిల్ క్యాస్టర్ ఆయిల్ అంటారు. పాలమూరు, నల్లగొండ మెట్టల్లో పండే ఆముదమే ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. మా అవ్వ దాన్ని తలకు పెట్టేది, నేను రంగులో పోసినాను, నా మనవరాలు మందులో పోస్తా ఉంది.

సరే, పాళ్లు ఎట్ల కుదురుతాయి? ఇదీ అసలు కష్టం. పుస్తకంలో చూసి కలిపేది కాదు. నూనె ఒక పాలు, సబ్బు జోడీ తొమ్మిది పాళ్లు తీసుకుని, నీళ్లు చుక్క చుక్కగా వదులుతా చూడాల. ఎక్కడ మబ్బు పట్టిందో అక్కడ ఆపి రాసుకోవాల. మళ్లీ నూనె రెండు, జోడీ ఎనిమిది. మళ్లీ మూడు, ఏడు. అట్ల తొమ్మిది సార్లు. తర్వాత ఆ జోడీలోనే సబ్బుదీ తోడుదీ పాళ్లు మార్చి మొత్తం మొదటి నుంచి. ఇవన్నీ మూడు మూలల బొమ్మ మీద చుక్కలు పెడితే, తేటగా ఉండే జాగా ఎంతవరకో తెలుస్తుంది. దాని నోటుపుస్తకంలో ఆ త్రిభుజాలు చూసినాను. పేజీలకు పేజీలు. రెండు నెలలు పట్టిందంట. మా కలర్ కిచెన్‌లో కొత్త షేడు కుదిరేదానికి మేము పడిన పాట్లు గుర్తొచ్చినాయి.

ఇంత కష్టం దేనికంటే, పసుపు కోసం.

ఇక్కడ మా ఇంటామె సంగతి చెప్పాల. ఆమెకు రెండు మోకాళ్లూ నొప్పి. అంగడిలో నొప్పి మాత్రలు కొనుక్కుని ఏడాది పైగా మింగింది. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు దొడ్డికి నల్లగా, తారు మాదిరి అయింది, కళ్లు తిరిగి పడిపోయింది. కడుపులో పుండు పడి రక్తం కారిందని డాక్టరు చెప్పినాడు. ఆ మాత్రలు నొప్పిని తగ్గిస్తాయి గానీ కడుపు లోపలి పొరను కాపాడే దాన్ని కూడా తగ్గిస్తాయంట. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించినారు. మన మిల్లు ఇళ్లల్లో ఆడవాళ్లు ఎంతమంది ఇట్ల మింగుతా ఉన్నారో. నల్లగా అయితే ఆలస్యం చేయకండి.

అప్పటి నుంచి మాత్ర వద్దు, పైపూతే. మెడికల్ షాపులో దొరికే నొప్పి జెల్లు రాస్తుంది, కొంత మేలు. దానితో పాటు పసుపు, ఆముదం వేడిచేసి కట్టుకుంటుంది. మనవరాలు ఆ ప్రాజెక్టు పట్టుకున్నదానికి ఇదీ ఒక కారణమే.

పసుపులో పని చేసేది కర్క్యుమిన్, నూటికి రెండు నుంచి అయిదు పాళ్లు ఉంటుంది. అది నీళ్లలో దాదాపు కరగదు. మోకాలికి పసుపు పట్టిస్తే చర్మం పచ్చబడుతుంది, నాలుగు రోజులకు పోతుంది. లోపలికి పోయిందనుకుంటాము. చాలామటుకు పోలేదు, పైన కూర్చుంది. పైపొర రాలినప్పుడు దాంతోపాటే రాలిపోయింది. నలుగు పెట్టిన పెళ్లికూతురి పసుపు కూడా అంతే.

ఆ పైపొర ఎంత మందం అనుకున్నారు? 10 నుంచి 20 మైక్రాన్లు. మన పత్రిక కాగితంలో అయిదో వంతు కూడా ఉండదేమో. కానీ గోడ మాదిరి పని చేస్తుంది. చచ్చిపోయిన కణాలు ఇటుకలు, మధ్యలో కొవ్వు సున్నం. నీళ్లను ఇష్టపడేది కొవ్వులో దూరలేదు. కొవ్వును ఇష్టపడేది దూరుతుంది గానీ, కింద తడిగా ఉండే పొరలోకి దిగనంటుంది. రెండు మనసులూ ఉన్నదే దాటుతుంది. అది కూడా చిన్నదై ఉండాల.

అమృతాంజనం గుర్తు చేసుకోండి. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టినది. ఆ డబ్బుతోనే తర్వాత ఆంధ్రపత్రిక నడిపినారు. మా నాయన షిఫ్టు నుంచి వచ్చి పడుకుంటే మా అమ్మ వీపుకు రుద్దేది ఆ పచ్చ డబ్బానే. అది రాయగానే పని చేసినట్టు తెలుస్తుంది కదా, ఎందుకు? దాంట్లోని కర్పూరం, పుదీనా పువ్వు చాలా చిన్న అణువులు, కొవ్వులో కరుగుతాయి. గోడలో సందు చూసుకుని దూరిపోతాయి. కర్క్యుమిన్ అణువు వాటికి రెండింతలకు పైన బరువు. పైగా మొండిది.

మైక్రోఎమల్షన్ చేసే పని ఏమిటంటే, ముందు పసుపు సారాన్ని నూనె చుక్కల్లో, వాటి అంచుల్లో కరిగించి పెట్టుకుంటుంది. నీళ్లలో కరిగేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ సరుకు పడుతుంది. తర్వాత ఆ సబ్బు జోడీ, నూనె కలిసి ఇటుకల మధ్య సున్నాన్ని కాస్త వదులు చేస్తాయి. సరుకు లోపలికి జారుతుంది.

జారిందో లేదో మాటతో తేల్చరు. ఫ్రాంజ్ సెల్ అని గాజుబుడ్డి ఉంటుంది. థామస్ ఫ్రాంజ్ అనే అమెరికా ఆయన 1975లో చూపించినాడు. కింద ఒక గది, పైన ఒక గది, మధ్యలో చర్మం ముక్క బిగిస్తారు. పైన మందు, కింద మన ఒంటి వేడి దగ్గర ఉంచిన ఉప్పునీళ్ల లాంటిది. గంటగంటకూ కింద నుంచి కొంచెం తీసి, ఎంత పసుపు దిగిందో యంత్రంలో కొలుస్తారు. తీసినంత మళ్లీ పోస్తారు. 24 గంటలు. రాత్రి ల్యాబులోనే పడుకున్నానని చెప్పింది.

"చర్మం యాడిది?" అని మా ఇంటామె అడిగింది.

"పంది చెవిది అవ్వా. మనిషి చర్మానికి దగ్గరగా ఉంటుంది. మాంసం అంగడికి పోయి తెచ్చుకున్నా."

ఆ పూట మా ఇంటామె దానికి తలస్నానం చేయించి గానీ అన్నం పెట్టలేదు.

ఫలితం ఏమిటంటే, మామూలు నూనెలో కలిపిన పసుపు కంటే దీంట్లోది ఎక్కువ దిగింది. ఎంత ఎక్కువో అంకె రాయమంటే వద్దంది. "గైడు ఇంకా చూడలేదు, ముద్ర పడకముందు ఊళ్లో అచ్చెయ్యొద్దు తాతా." అందుకే రాయలేదు.

మా ఇంటామెకు ఇంకో పట్టుదల. "పసుపు ఎందుకు, వావిలి చెయ్యి. నొప్పికి వావిలే." మా కోలారు వైపు చెరువు గట్లమీద, వాగుల పక్కన వావిలికి కొదవ లేదు. బాలింతలకు ఆ ఆకు కాచిన నీళ్లే పోస్తాము. మనవరాలు కాదనలేదు. కానీ ఒక చిక్కు చెప్పింది. వావిలి ఆకు సారంలో పదుల కొద్దీ పదార్థాలు ఉంటాయి. నొప్పిని పట్టేది ఏది? ఏదో ఒకటి కాదు, కొన్ని కలిసి కావచ్చు. అప్పుడు గాజుబుడ్డి కింద దేన్ని కొలవాల? వానాకాలం ఆకు ఒక తీరు, ఎండాకాలం ఆకు ఒక తీరు. బంగారుపేట ఆకు, ముళబాగిలు ఆకు ఒకటిగా ఉండవు. పసుపులో అయితే కర్క్యుమిన్ అని ఒకటి గట్టిగా దొరుకుతుంది, పచ్చగా కంటికే కనపడుతుంది, అందుకే పిల్లలంతా పసుపు మీద పడతారు. మొక్క మంచిదని కాదు, కొలవడం సులువని. ఈ మాట నాకు నచ్చింది. మా షేడు కార్డు మాదిరే. ఏ బ్యాచి అయినా కార్డుతో పోల్చాల. కార్డు లేకపోతే ఎవరి కన్ను వాళ్లది.

పసుపు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. 1995లో అమెరికాలో ఒక యూనివర్సిటీకి పసుపుతో పుండ్లు మాన్పే విద్య మీద పేటెంటు ఇచ్చినారు. మన సి.ఎస్.ఐ.ఆర్. వాళ్లు పాత గ్రంథాలు, కాగితాలు చూపించి పోరాడితే 1997లో కొట్టేసినారు. పుండుకు పసుపు పెట్టేది మన ఇండ్లలో ఎప్పటిదో కాబట్టి గెలిచినాము. కానీ పసుపును తోలు దాటించే కొత్త బండి ఎవరు కట్టినా, ఆ బండి వాళ్లదే అవుతుంది. ఈ చదువు మన పిల్లలు చదవడం మంచిదే అని నేననేది అందుకు.

ఇప్పుడు నా చేతులు.

కిరసనాయిలు, ఎమల్సిఫయర్, రంగు, అన్నీ రోజూ మోచేతుల దాకా. మొదట ఎర్రబడినాయి, తర్వాత పగిలినాయి, వేళ్ల సందుల్లో నీరు కారేది. అన్నం కలుపుకునేటప్పుడు కారం తగిలితే కళ్లలో నీళ్లు. అప్పట్లో రంగు పైన అంటుకుందనే అనుకున్నాము. ఇప్పుడు మనవరాలు గోడ సంగతి చెప్తే అర్థమైంది. సబ్బు జాతి, కిరసనాయిలు కలిసి నా చేతి గోడలోని సున్నాన్ని కరిగించి పెట్టినాయి. దాని వెనకాల వచ్చిందంతా లోపలికి పోయింది. మేము తెలియకుండా ఏళ్ల తరబడి మా చేతుల మీదే ఆ పరీక్ష చేసుకున్నాము, కొలిచినవాడు లేడు.

తర్వాత ఒక అంగట్లో ఇచ్చిన ట్యూబు రాసుకున్నాను. మూడు రోజుల్లో మాయం. మానేస్తే రెండింతలు. అట్ల రాసి రాసి చర్మం ఉల్లిపొర మాదిరి పలచబడింది. అది స్టెరాయిడు పూత అని పెద్దాసుపత్రిలో చెప్పిందాకా నాకు తెలియదు.

అందుకే, మా ఇంటామె ఆ గోధుమరంగు సీసా చేతిలోకి తీసుకుని "నా మోకాలికి కొంచెం రాయి పాపా, నీ చేత్తో చేసిందే కదా" అన్నప్పుడు, నేను నోరు మూసుకుని మనవరాలి మొహం చూస్తా ఉండిపోయినాను. రాస్తుందేమో అనుకున్నాను. అవ్వ అంటే దానికి ప్రాణం.

"రాయను అవ్వా" అంది. "దీంట్లో నూటికి ముప్పై పాళ్ల పైన సబ్బు జోడీనే. ఒకరోజు రాస్తే ఏమీ కాకపోవచ్చు. నువ్వు నెలల తరబడి రాస్తావు. నీ చర్మం ముసలిది, ఇప్పటికే పలచన. మంట పుడుతుందో పుండు పడుతుందో చూసే పరీక్ష ఇంకా కాలేదు. పైగా నువ్వు దాని మీదే మీ జెల్లు కూడా రాస్తావు. తలుపు తీసి పెడితే అదీ ఎక్కువ పోతుంది, రక్తంలో కలుస్తుంది. నీ కడుపు సంగతి మర్చిపోయినావా?"

మా ఇంటామె సీసా కింద పెట్టి లేచిపోయింది. ఆ రాత్రి ఇద్దరికీ మాటల్లేవు. పొద్దున్నే కాఫీ ఇచ్చేటప్పుడు మాత్రం ఆమె, "మీ కాలేజీలో ఎప్పుడైనా మనుషుల మీద పరీక్ష పెడితే నా పేరు రాసుకో" అంది. మనవరాలు తల ఊపింది. దానికి ముందు జంతువుల మీద, తర్వాత ఎథిక్స్ కమిటీ అనుమతి, తర్వాత చాలా ఉంది. దాని చదువు అయిపోయిన ఎన్నేళ్లకో.

ఇది కుదరని కథ కూడా కాదు. కిడ్నీ మార్పించుకున్నవాళ్లు మింగే సైక్లోస్పోరిన్ అనే మందును 1990ల నడుమ ఈ పద్ధతిలోకి మార్చినారు. పాతది ఒక్కో మనిషికి ఒక్కో తీరుగా ఒంటికి పట్టేది, కొత్తది నిలకడగా పట్టింది. అది కడుపులోకి పోయే మందు. చర్మం దాటించే దారి వేరే, కష్టం వేరే. మైక్రోఎమల్షన్ నీళ్ల మాదిరి పలచన, మోకాలి మీద నిలవదు, కారిపోతుంది. అందుకని మళ్లీ జెల్లు చేయాల. మన గంజి ఖాతా పని.

రాబర్టుసన్‌పేట బస్టాండు దగ్గర ఈ మధ్య ఒకడు మైకు పెట్టి "నానో మూలికా తైలం" అని అమ్ముతా ఉన్నాడు, సీసా మూడు వందల యాబై. నేను పోయి సీసా తిప్పి చూసినాను. లైసెన్సు నంబరు లేదు, బ్యాచి నంబరు లేదు, ఏ నూనె ఎంతో లేదు. ఆయుర్వేద మందుకైనా అవి ఉండాల్సిందే, చట్టం అది. "చుక్కలు ఎంత సైజు?" అని అడిగినాను. వాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసినాడు. "తేటగా ఉందా, తెల్లగా ఉందా, అదైనా చూపించు" అన్నాను. మైకు సౌండు పెంచినాడు.

మనవరాలు పోతా పోతా మందు కలపని ఆ తేట సీసాను నాకు ఇచ్చింది. ల్యాబులో చలిపెట్టెలో, వేడిపెట్టెలో పెట్టి చూసినారంట. మామూలు ఇంట్లో అలమరాలో ఉంటే ఎట్ల ఉంటుందో నన్ను చూడమంది. క్యాలెండరులో రోజూ ఒక గుర్తు పెడతా ఉన్నాను. ఎండాకాలమంతా తేటగానే ఉంది. వానల్లో తేటగానే ఉంది. డిసెంబరులో మూడు పొద్దులు లేచి చూస్తే సీసా అడుగున సన్నగా మబ్బు పట్టి ఉంది, ఎండ ఎక్కేసరికి పోయింది. ఫోను చేసి చెప్పినాను.

"ఎన్ని గంటలకు తేరింది తాతా?" అంది.

అది చూడలేదు. ఇప్పుడు అలమరా పక్కన గడియారం పెట్టుకున్నాను.